తుప్పు మాస్టారి ఎనిమిది నెలల జీపు

తుప్పు మాస్టారు రోజూ టీ కొట్టుకి రాగానే సంచీని కాళ్ల దగ్గర పడేసి, ఒకసారి ఒళ్లు విరుచుకుని, ఎవరూ అడక్కముందే కథ మొదలుపెట్టేవాడు. ఇవాళ మాత్రం సంచీని ఒళ్లో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు. సంచీలో చెప్పుల అట్టపెట్టె, పెట్టెలో పాత బనీను గుడ్డ, గుడ్డలో అరచేతిలో పట్టేంత జీపు ఉన్నాయి. ఆ జీపు ఇవాళ ఇచ్చి తీరతానని పదిహేను రోజుల కిందట ఇదే బల్ల మీద నోరు జారాడు. నోరు జారడం ఆయనకి కొత్త కాదు. జారిన మాటని ఒకరు గుర్తుపెట్టుకోవడం కొత్త.

మాస్టారు అంటే బడి పంతులు కాదు. ముప్ఫై ఏళ్లు బళ్లకి రంగులేసే షెడ్డులో పెద్ద మేస్త్రి. తుప్పు గీకడం, లప్పం పెట్టడం, గరుకు కాయితంతో రుద్దడం, రంగు కొట్టడం, ఇంతే ఆయన జీవితం. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక బొమ్మ జీపులు కొనడం మొదలెట్టాడు. కొని, విప్పి, వాటికి తనకి నచ్చిన టైర్లూ బంపర్లూ తగిలించి, నిగనిగలాడేవాటిని ముప్ఫై ఏళ్లు అడవుల్లో తిరిగొచ్చిన బళ్లలా చేసే పని పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్లు తుప్పు వదలగొట్టిన మనిషి ఇప్పుడు కూర్చుని తుప్పు పట్టిస్తున్నాడని ఆయన భార్య ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పింది. ఆ పేరు అలా వచ్చిందే.

పని మాత్రం వచ్చినవాడే, అందులో అనుమానం లేదు. పెట్టెలోంచి తీసిన జీపు కొత్త సబ్బుబిళ్లలా ఉంటుంది. ముందు ఆ మెరుపు చంపాలి. తర్వాత రంగు. తర్వాత అంట్లు తోమే స్పాంజి చిన్న ముక్క తుంచి, ముదురు గోధుమ రంగులో ముంచి, కాయితం మీద అద్ది అద్ది దాదాపు ఆరిపోయాక, తలుపుల అంచుల మీదా బానెట్టు మూలల మీదా తాటించాలి. అప్పుడు రంగు పెచ్చులు లేచినట్టు కనిపిస్తుంది. ఇటుక పొడీ, రంగు సుద్దముక్కలు అరగదీసిన పొడీ నీళ్లలో కలిపి బోల్టుల కింద జార్చితే తుప్పు. ఇవన్నీ అయ్యాక పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పూత, కొడితే ఎక్కడివి అక్కడ బిగుసుకుంటాయి, ఇక నీళ్లు పోసినా పోవు. క్లియర్ కోటు పడిందంటే బండి అయిపోయినట్టు. మాస్టారి ఇంట్లో అల్మారా నిండా జీపులున్నాయి గానీ క్లియర్ కోటు పడినది ఒక్కటీ లేదు. అయిపోయింది అన్నాక ఇంకొకరు చూస్తారు కదా, అదీ భయం.

సంచీలో ఉన్న జీపు ఈ టీ కొట్టు నడిపే ఆవిడ, మాస్టారు చెల్లెమ్మా అని పిలిచే ఆవిడ, అడిగినది. ఆమె భర్త సర్వే ఆఫీసు జీపు ఇరవై రెండేళ్లు నడిపాడు. ఆయన రిటైరైన నెలలోనే ఆ జీపునీ పాత ఇనుము కింద తీసుకుపోయి కోసేశారు. అప్పట్నించీ మనిషి మాట తగ్గించేశాడు. పొద్దున్నే ఐదింటికి లేచి, బకెట్టులో నీళ్లూ ఒక గుడ్డా పట్టుకుని, ఇదివరకు జీపు ఆపుకునే చోటికి వెళ్లి, కాసేపు నిలబడి, ఆ నీళ్లు అలాగే వెనక్కి తెస్తాడని చెల్లెమ్మ చెప్పింది. పగలంతా కొట్టు వెనక కుళాయి దగ్గర కూర్చుని టీ గ్లాసులు కడుగుతాడు. కడిగిన గ్లాసే మళ్లీ కడుగుతాడు. అచ్చం ఆ జీపులాంటిది ఒకటి చేతికిస్తే మళ్లీ మనిషవుతాడేమో అన్నయ్యా అని ఎనిమిది నెలల కిందట అడిగింది. ఆమె ఇంకా ఏదో చెప్పబోతుంటే మాస్టారు చెయ్యెత్తి ఆపి, రంగేమిటి, ఎన్నేళ్ల బండి, ఏ రోడ్లు అని మూడంటే మూడు ప్రశ్నలడిగాడు. ఆకుపచ్చ, ఇరవై రెండేళ్లు, రాళ్ల గుట్టలూ వాగులూ అంది. ఇంకేం చెప్పొద్దు చెల్లెమ్మా, బండి నాకు కనపడిపోయింది అన్నాడు.

ఎనిమిది నెలలైంది. సాయంత్రం ఐదు దాటింది. దర్జీ మెడలో టేపు తియ్యకుండానే వచ్చి బల్ల మీద కూలబడ్డాడు. పోస్టుమాన్ సంచీ గోడకి ఆనించి, చెప్పులు విప్పి, పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు. పొద్దుట్నించీ పనిచేసిన ఒళ్లు ఎవరివైనా ఆ వేళకి మాట వినడానికి పనికొస్తాయి గానీ మాట్లాడటానికి పనికిరావు. అందుకే మాస్టారి కథలు అక్కడ చెల్లుబాటవుతున్నాయి. కుళాయి దగ్గర చెల్లెమ్మ భర్త, ఆ డ్రైవరు, వీపు ఇటు పెట్టి గ్లాసులు కడుగుతున్నాడు. చెల్లెమ్మ టీ ఇచ్చి, సంచీ వంక ఒకసారి చూసి, తెచ్చారా అన్నయ్యా అని అడిగింది.

తెచ్చానని ఒక్క ముక్క చెప్పి పెట్టె తీస్తే సరిపోయేది. మాస్టారికి అది తెలుసు. అయినా నోరు తన దారిన తాను బయల్దేరింది.

“తేకేం. తేవడానికేముంది. అది తయారవడం కదా ముఖ్యం. మొన్న బురద కలిపాను. ఏదో మామూలు బురద, పెద్ద గొప్పేం కాదు. వంతెన అవతల రోడ్డు మట్టి తెచ్చి, పాత మేజోడులో వేసి జల్లించి, మన చెల్లెమ్మ వాడి పారేసిన టీ పొడి ఎండబెట్టి చిటికెడు కలిపి, కాస్త జిగురు, కాస్త నీళ్లు. పళ్ల బ్రష్షు ముంచి వెనక చక్రాల దగ్గర బొటనవేలితో ఇలా చిమ్మాను. అంతే. ఆరాక చూస్తే, ఆ మరకని బట్టి ఏ నెలలో పడ్డ వానో చెప్పెయ్యొచ్చు.”

“ఏ నెల?” అన్నాడు పోస్టుమాన్, పాదం రుద్దుకుంటూనే.

“వస్తున్నా, ఆగు.”

ఆ నెల దగ్గరికి ఆయన మళ్లీ రాడని పోస్టుమాన్‌కీ తెలుసు. మాస్టారు టీ ఒక గుక్క తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. చేతిలో ఉంచుకుంటే తొణుకుతుంది. చేతికి ఆ వణుకు మొదలై ఏడాది కావొస్తోంది. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు.

తర్వాత మెకానిక్ సంగతి వచ్చింది. ఆ బురద ఆరేదాకా జీపుని కిటికీలో పెట్టాడట. వీధిలో పోతున్న మెకానిక్ ఒకడు ఆగి, లోపలికి తొంగి చూసి, మాస్టారూ మీ బండి ఎడమ వెనక స్ప్రింగు పట్టీ విరిగింది, ఇలాగే తిప్పారంటే దారిలో కూర్చుంటారు అన్నాడట. అది బొమ్మరా నాయనా అంటే నమ్మడే. చాప పరుచుకుని, పానా పట్టుకుని, కిటికీ కింద వెల్లకిలా పడుకున్నాడట. అరగంట పడుకుని లేచి, చొక్కా నిండా గ్రీజు మరకలతో, ఇప్పుడు ఫరవాలేదు తిప్పుకోండి అన్నాడట.

“గ్రీజెక్కడిది?” అన్నాడు దర్జీ.

“నేనూ అదే అడిగాను,” అన్నాడు మాస్టారు. “వాడు పానా సర్దుకుని వెళ్లిపోయాడు. సరే, అది పోనీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

ఇక్కడ దర్జీ తెలీదు అనాలి. ఎనిమిది నెలలుగా అదే వరస. దర్జీ ఆవలించి తెలీదు అన్నాడు.

ఆ తర్వాత ఏమైందో మాస్టారికి బాగా తెలుసు, ఆయన చెప్పబోయేది మాత్రం అది కాదు. అసలు జరిగింది ఇది. ఆకుపచ్చ రంగు అయ్యాక, ఒక బోల్టు కింద చీమ తలంత తుప్పు చుక్క పెట్టబోయాడు. చెయ్యి అదిరి తుప్పు నీళ్ల సీసా బానెట్టు మీద ఒరిగింది. తుడిస్తే ఇంకా పాకింది. సరే, బానెట్టుకి తుప్పు పట్టిన బండి అనుకుందాం అనుకున్నాడు. బానెట్టుకి అంత తుప్పుంటే తలుపులకి లేకపోవడం బాగోదని తలుపులకీ పెట్టాడు. అక్కడా చెయ్యి అదిరింది. అలా ఒక మచ్చని దాచడానికి ఇంకో మచ్చ, దాన్ని దాచడానికి నాలుగు. పది రోజుల కిందట చూసుకుంటే జీపులో ఆకుపచ్చ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ రాత్రి ఆయన అన్నం సరిగ్గా తినలేదు. నిజంగానే దిగులేసింది.

ఇక్కడ మాత్రం ఆయన గొంతు పెద్దది చేశాడు.

“తుప్పు పెట్టాను. తుప్పంటే మీరనుకునే తుప్పు కాదు. ఇటుక పొడి ఒక పాలు, ఎర్ర సుద్ద ఒక పాలు, మూడోది చెప్పను. పెట్టి, బల్ల మీద వదిలేసి పడుకున్నాను. పొద్దున లేచి చూద్దును కదా, పక్కనున్న కత్తెర తుప్పు పట్టింది. పోనీలే అనుకున్నాను. మర్నాడు మా ఆవిడ కుట్టు మిషను. ఆ మర్నాడు బీరువా. బీరువా తాళంచెవి తిప్పితే చేతిలోనే పొడైపోయింది, బట్టలు తీసుకోవడానికి లేదు, మూడు రోజులు ఒకే చొక్కాతో తిరిగాను. అది అంటుకునే తుప్పు. అక్కడితో ఆగిందా? గోడ దాటింది. పక్కింటాయన గేటు తోసుకుని లోపలికొస్తూ గేటుతో సహా మా వసారాలో పడ్డాడు. వీధి వీధంతా మేకులూడిపోతున్నాయి. అప్పుడిక లాభం లేదని జీపుని గాజు సీసాలో పెట్టి, కిరసనాయిలు పోసి, మూత బిగించాను.”

“మూత రేకుదా?” అన్నాడు దర్జీ.

“బిరడా,” అన్నాడు మాస్టారు వెంటనే. “నాకామాత్రం తెలీదూ.”

పోస్టుమాన్ నవ్వాడు గానీ ఆ నవ్వులో సగం ఆవలింతే. చెల్లెమ్మ నవ్వలేదు. పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ మొగుడి వీపు వంక చూస్తోంది. కుళాయి దగ్గర నీళ్ల చప్పుడు ఆగలేదు. మాస్టారికి ఆ చప్పుడు వింటుంటే తన గొంతు మీద తనకే విసుగొచ్చింది. ముప్ఫై ఏళ్లు షెడ్డులో కంప్రెసర్ మోత మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. ఇక ఆపి, పెట్టె తీసి, చెల్లెమ్మా నా చేతులు బాగాలేవు, చెడగొట్టాను అని చెప్పేస్తే ఎంత హాయి. చెప్పేస్తే రేపట్నించి ఈ బల్ల మీద కూర్చుని ఏం చెప్పాలో ఆయనకి తెలీదు.

అందుకని చెక్‌పోస్టు సంగతి ఎత్తుకున్నాడు. బొమ్మ బళ్ల ప్రదర్శనకి జీపుని పట్టుకుని బస్సెక్కాడట. చెక్‌పోస్టు దగ్గర ఇన్స్పెక్టరు బస్సంతా వదిలేసి ఈయన ఒళ్లో ఉన్న జీపుని చూసి, ఈ బండికి ఫిట్‌నెస్ కాయితం ఏదీ, ఈ స్థితిలో రోడ్డు మీదకి ఎలా తెచ్చారు అన్నాడట. ఇది రోడ్డు మీద లేదు, నా తొడ మీద ఉంది అంటే, తొడ రోడ్డు మీదే కదా ఉంది అన్నాడట. చివరికి క్రేను పిలిపించారు. క్రేను కొక్కెం కన్నా జీపు చిన్నదాయె. కొక్కేనికి దారం కట్టి, దారానికి జీపుని కట్టి, వెనక మాస్టారు నడుస్తూ, స్టేషను దాకా ఊరేగింపు. దారి పొడుగునా జనం దుమ్ము దుమ్ము అని ముక్కులు మూసుకున్నారట. ప్రదర్శనలో జడ్జీ భూతద్దం పెట్టి వంగి చూశాడట, లేచేసరికి తెల్ల చొక్కా మీద బురద చిమ్మి ఉందట.

“నడవని బండి బురదెలా చిమ్మింది?” అన్నాడు పోస్టుమాన్.

మాస్టారు ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు బల్ల అంచుకి జరిగాడు. నిజానికి కాచుకోలేదు. కథ తనని ఎక్కడికి లాక్కెళుతోందో ఆయనకే తెలీదు, ఈడుస్తున్న కొద్దీ పోతున్నాడు, అంతే.

“నడవదని ఎవరన్నారు? అక్కడికే వస్తున్నా. నిన్న తెల్లవారుజామున లేచి చూస్తే బల్ల మీద జీపు లేదు. నేల మీద టైరు గుర్తులు. గుమ్మం దాటి, వసారా దాటి, వీధిలోకి. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఆ గుర్తులు పట్టుకుని పోయాను. వంతెన దాకా ఉన్నాయి, ఆ తర్వాత పెద్ద బళ్ల గుర్తుల్లో కలిసిపోయాయి. చేసేదేం లేక ఇంటికొస్తే, వచ్చి బల్ల మీద బుద్ధిగా కూర్చుని ఉంది. ఇంజను వేడిగా ఉంది. బంపరులో ఒక ఆకు ఇరుక్కుంది, అలాంటి ఆకు ఈ చుట్టుపక్కల లేదు. కిలోమీటర్ల ముల్లు నలభై జరిగింది.”

“పెట్రోలు?” అన్నాడు దర్జీ.

“సీసాలో థిన్నరు రెండు చుక్కలు తగ్గింది. ఇంతలో తలుపు కొట్టారు. ఎవరో తెలుసా?”

“తెలీదు.”

“సర్వే ఆఫీసు వాళ్లు. ఫైలు పట్టుకుని వచ్చారు. మాస్టారూ, మేం కోయించేసిన జీపు పొద్దున గుట్టల మీద తిరుగుతుంటే జనం చూశారు, వాగు దాటుతుంటే చూశారు, డ్యూటీ పుస్తకంలో సంతకం కూడా పడింది, ఇదేమిటి అన్నారు. నేనేమంటాను? లోపలికి రండి అన్నాను. వచ్చి బల్ల మీద బండిని చూశారు. చూసి ఆఫీసరు టోపీ తీసేశాడు. ఒకటే మాటడిగాడు. బండి నడిపింది ఎవరు అని. నేను చెప్పాను. ఆ బండిని మా బావగారు తప్ప ఇంకెవరు నడుపుతారండీ అని.”

అన్నాక ఆయన నోరు దానంతటదే ఆగింది. దర్జీ ఆవలింత మధ్యలో మానేశాడు. కుళాయి కట్టేసిన చప్పుడైంది.

డ్రైవరు లేచి, చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వచ్చాడు. పొడుగ్గా, కాస్త వంగి, ఎప్పుడూ ఎండలోకి చూస్తున్నట్టు కళ్లు చికిలించే మనిషి. ఎనిమిది నెలల్లో ఆయన మాస్టారి కథ దగ్గరికి నడిచి రావడం అదే మొదలు.

“చూపించండి మాస్టారూ,” అన్నాడు.

ఇక దారి లేదు. మాస్టారు పెట్టె తీసి, గుడ్డ విప్పి, జీపుని బల్ల మీద పెట్టాడు. దర్జీ ముందుకి వంగి అలాగే ఉండిపోయాడు. కోతల సంగతి ఎలా ఉన్నా పని అలాంటిది. బానెట్టు మీద రేకు తినేసిన తుప్పు, తలుపుల కింద జారిన ఎర్రటి చారలు, వెనక చక్రాల పైన ఎండిన బురద, అద్దాల మీద వైపరు తిరిగిన మేర వదిలేసి మిగతా అంతా దుమ్ము. అది బొమ్మని చెప్పడానికి పక్కనున్న టీ గ్లాసొక్కటే సాక్ష్యం. పోస్టుమాన్ కూడా అమ్మో అన్నాడు, అది ఎగతాళిగా అన్నది కాదు.

డ్రైవరు దాన్ని ఎత్తి, వెలుతురులో పెట్టి, నెమ్మదిగా చుట్టూ తిప్పి చూశాడు. కిందకి తిప్పి చూశాడు. మళ్లీ బల్ల మీద పెట్టాడు. మాస్టారు ఖాళీ పెట్టెని రెండు చేతులా పట్టుకుని చూస్తున్నాడు. షెడ్డులో బండి తయారయ్యాక ఓనరు చుట్టూ తిరిగి చూసేటప్పుడు ఇలాగే ఉండేది.

“బండి ఎవరిదండీ ఇది?” అన్నాడు డ్రైవరు.

“అదేమిటి బావగారూ. మీదే.”

“నాది కాదు. నా బండికి తుప్పు లేదు.”

ఆయన గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు. దారి తప్పి వచ్చిన ఉత్తరం తిరిగి ఇచ్చినట్టు చెప్పాడు.

“ఇరవై రెండేళ్లు,” అన్నాడు. “రోజూ పొద్దున ఐదింటికి నేనే కడిగేవాణ్ణి. గుట్టల్లో దిగినా, వాగులో దిగినా, రాత్రి ఏ వేళకొచ్చినా, పొద్దున ఆరింటికి బండి మీద ఒక్క చుక్క ఉండేది కాదు. కోసేవాళ్లు కూడా అన్నారు, ఇంత శుభ్రమైన బండి ఎందుకు కోయిస్తున్నారని. నాకు ఆ మాటే గుర్తుంది మాస్టారూ.”

మాస్టారికి చెల్లెమ్మ ముఖం చూడటానికి ధైర్యం చాలలేదు, అయినా చూశాడు.

“చెప్పాను కదన్నయ్యా,” అంది చెల్లెమ్మ మెల్లిగా. “పొద్దున్నే బకెట్టు పట్టుకుని వెళతారని. గుడ్డ పట్టుకుని వెళతారని.”

చెప్పింది. మాస్టారు విన్నాడు కూడా. విని, ఇరవై రెండేళ్ల బండి అనగానే తన చేతిలో ఉన్న తుప్పంతా దానికి పట్టించేశాడు. ఒక బండి ఇరవై రెండేళ్లు శుభ్రంగా ఉండొచ్చని ఆయనకి తట్టనే లేదు. ముప్ఫై ఏళ్లూ ఆయన షెడ్డుకి తుప్పు పట్టిన బళ్లే వచ్చాయి, పట్టనివి ఎందుకొస్తాయి. ఎనిమిది నెలలు చేసిన పని ఇంకెవరి బండికో అయిపోయింది. మాస్టారికి ఏడుపొచ్చినంత పనైంది. ఒక కోత కోసి దీన్ని కూడా దాటెయ్యడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లో ఒక గుక్క టీ పోసుకున్నాడు. ఆయన జీవితంలో అలా జరగడం చాలా తక్కువ.

డ్రైవరు మళ్లీ జీపు చేతిలోకి తీసుకున్నాడు. బానెట్టు మీద బొటనవేలితో చిన్నగా రాశాడు. వేలికి ఎర్రగా పొడి అంటుకుంది. దాన్ని కాసేపు చూసి, ఇది కడిగితే పోతుందా అని అడిగాడు.

పోదని అనొచ్చు. వీధి వీధంతా అంటుకున్న తుప్పని ఇందాకే కదా చెప్పాడు.

“పోతుంది,” అన్నాడు మాస్టారు. “క్లియర్ కోటు వెయ్యలేదు బావగారూ. వెయ్యడానికి ధైర్యం చాలలేదు. చెయ్యి వణుకుతోంది. ఒకచోట ఒలికింది. అది కప్పడానికి ఇదంతా పెట్టాను.” వణికే చేతిని గ్లాసు పక్కన, అందరికీ కనపడేలా బల్ల మీద పెట్టాడు. “అంటుకునే తుప్పు అబద్ధం,” అని కూడా అన్నాడు, ఎవరికైనా అనుమానం ఉంటుందేమోనని.

“అవునా,” అన్నాడు దర్జీ.

డ్రైవరు ఆ చేతి వంక చూశాడు. లోపలికెళ్లి, ఒక గిన్నెలో నీళ్లూ, రెండు చిన్న గుడ్డ ముక్కలూ తెచ్చి, మాస్టారి పక్కనే బల్ల మీద కూర్చున్నాడు. గుడ్డ తడిపి, పిండి, చూపుడువేలికి చుట్టుకున్నాడు. ముందు పైకప్పు మొదలుపెట్టాడు. ఎనిమిది నెలల పని గోధుమరంగు నీళ్లయి గిన్నెలోకి కారుతుంటే మాస్టారు కళ్లప్పగించి చూశాడు.

డ్రైవరు మాట్లాడుతూ కడిగాడు. పైకప్పు అయ్యాకే అద్దాలు ముట్టాలన్నాడు. ఇంజను వేడిగా ఉంటే బానెట్టు మీద నీళ్లు పొయ్యకూడదు, ఒక గంట ఆగాలన్నాడు. చక్రాలు చివర్లో, అదీ వేరే గుడ్డతో, ఎందుకంటే చక్రాలు తుడిచిన గుడ్డలో ఇసుక ఉంటుంది, అది ఒంటికి తగిలితే గీతలు పడతాయి. కొత్తగా వచ్చిన డ్రైవర్లకి ఎంత చెప్పినా అర్థం కాదు, ఒకటే గుడ్డతో లాగించేస్తారన్నాడు. ఒకసారి వాగులో మూడు గంటలు ఇరుక్కుని బయటికొచ్చాక, ఒడ్డు మీదే ఆ వాగు నీళ్లతోనే కడిగాడట, పక్కన ఆఫీసరు తడిబట్టలతో వణుకుతూ కూర్చున్నాడట. చెల్లెమ్మ పొయ్యి తగ్గించి, గరిటె పట్టుకుని అలాగే నిలబడి వింది. ఆమె కళ్లు నిండాయి. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాయి, ఎవరూ పట్టించుకోలేదు.

నీళ్లు మూడుసార్లు మార్చాక ఆకుపచ్చ బయటపడింది. ఒకచోట మాత్రం గుడ్డ ఎంత తిప్పినా మచ్చ పోలేదు. డ్రైవింగు సీటు వైపు తలుపు పైఅంచు మీద, రంగు అరిగిపోయి లోపలి బూడిదరంగు కనిపిస్తున్నట్టు, గోరంత మేర. డ్రైవరు తుడవడం ఆపి, జీపుని కళ్లకి దగ్గరగా పెట్టుకున్నాడు.

“ఇది పోదా?”

“అది నూనె రంగు. అన్నిటికన్నా ముందు వేశాను. సీసా ఒలకకముందు.”

“ఇది ఉండేది,” అన్నాడు డ్రైవరు. “సరిగ్గా ఇక్కడే. మీకెవరు చెప్పారు?”

కోత కొయ్యడానికి అంతకన్నా మంచి అదను ఆ సాయంత్రం మొత్తంలో రాలేదు. దర్జీ కూడా వెనక్కి ఆనుకుని, సరే కానివ్వండి అన్నట్టు చూశాడు.

“ఎవరు చెప్పాలి,” అన్నాడు మాస్టారు. “ముప్ఫై ఏళ్లు బళ్లకి రంగులేశాను. డ్రైవరు మోచెయ్యి ఎక్కడ ఆనుతుందో తెలీదా.”

డ్రైవరు తలూపాడు. చక్రాలు రెండో గుడ్డతో తుడిచి, జీపుని ఎండ తగలని వైపు బల్ల మీద పెట్టి, కాస్త దూరం జరిగి చూసుకున్నాడు. మాస్టారు తడిసిన అట్టపెట్టెని దగ్గరికి లాక్కుని, రేపు డబ్బా తెచ్చి క్లియర్ కోటు వేసిస్తాను, చెయ్యి వణికినా దానికి ఫరవాలేదు, పిచికారీయే కదా అన్నాడు.

“ఆ కోటు వద్దండీ,” అన్నాడు డ్రైవరు.

“వెయ్యకపోతే ఎలా? దుమ్ము పడుతుంది.”

“పడాలి కదా. లేకపోతే పొద్దున ఐదింటికి నేనేం కడగాలి?” గిన్నెలో నీళ్లు పారబోసి, గుడ్డలు పిండి బల్ల అంచు మీద ఆరేశాడు. “మీరు రోజూ సాయంత్రం వస్తారుగా. కాస్త దుమ్ము కొట్టి ఇచ్చి వెళ్లండి. పొద్దున్నే నేను కడుక్కుంటాను.”

మాస్టారు తన చేతి వంక చూసుకున్నాడు. చీమ తలంత తుప్పు చుక్క పెట్టడానికి ఆ చెయ్యి ఇక పనికిరాదు. దుమ్ము చల్లడానికి నిలకడ అక్కర్లేదు, కాస్త వణికితేనే సమంగా పడుతుంది. రేపు రావడానికి ఒక పని ఉందన్నమాట. అది తట్టగానే ఆయన వీపు నిటారైంది, గొంతు సవరించుకున్నాడు, సంచీ తీసి కాళ్ల దగ్గర పడేశాడు.

“దుమ్మంటే ఏ దుమ్మనుకున్నారు బావగారూ,” అన్నాడు. “కొండ మలుపులో, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, వరసగా నాలుగు లారీలు పోయాక, అయిదో లారీ వచ్చేలోపు గాలిలో నిలబడే దుమ్ము ఒకటుంటుంది. అది కింద పడకముందే పట్టాలి. దాన్ని పట్టాలంటే ఏం చెయ్యాలో తెలుసా?”

దర్జీ తెలీదు అనడానికి నోరు తెరిచాడు.

“మామూలు దుమ్ము చాలు మాస్టారూ,” అన్నాడు డ్రైవరు, జీపు అద్దం మీద మిగిలిన నీటిచుక్కని వేలి కొసతో తుడుస్తూ.